మావయ్య గారి కళ్ళ క్యాంపు

సంతాప సభలో ఉన్నవాళ్ళు: వేదిక మీద తొమ్మిది మంది, కింద మడత కుర్చీల్లో రెండు వందల మంది దాకా, గోడల వెంబడి నిలబడ్డవాళ్ళు మరో యాభై మంది. ఉన్న వస్తువులు: గులాబీ దండ వేసిన ఫొటో, ఇత్తడి కుందులు రెండు, మైకు ఒకటి, సంఘాల బేనర్లు మూడు, శాలువాలు రెండు, వెండి పళ్ళెంలో విడిపూలు. వేదిక చివర, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మా అత్తయ్య భ్రమరాంబ. ఆమెను తొమ్మిది మందిలో కలపలేదు. నిర్వాహకులూ కలపలేదు. తొమ్మిది కుర్చీలు వేసేశాక ఎవరికో గుర్తొచ్చి, పదో కుర్చీ వంటశాలలోంచి తెచ్చి వేశారు. దాని ఒక కాలు పొట్టి. ఆమె కదిలినప్పుడల్లా అది టక్కుమనేది.

ఫొటోలో ఉన్నది మా మేనమామ కామేశ్వరరావు గారు. లారీలకీ ట్రాక్టర్లకీ అప్పులిచ్చే ఒక ఫైనాన్సు కంపెనీకి మండపేట బ్రాంచి మేనేజరుగా చేరి, జిల్లా మొత్తానికి మేనేజరై, ఒక సోమవారం ఉదయం ఆఫీసు కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. వారంలో ఆరు రోజులు కంపెనీ పని, ఏడో రోజు ప్రజాసేవ. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ పని ఆ సాయంత్రం తొమ్మిది మంది చేశారు. పదోవాడి అవసరం లేదు కాబట్టి నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నేను మూడేళ్ళు ఆయనింట్లో ఉన్నాను. వాళ్ళకి పిల్లల్లేరు. మిల్లుల మధ్య ఇల్లు. తెల్లారేసరికి అరుగు మీద ఊక నుసి సన్నటి నల్లటి పొరలా పరుచుకుని ఉండేది. అత్తయ్య రోజుకి రెండుసార్లు ఊడ్చేది, ఆరేసిన బట్టలు దులిపి లోపలికి తెచ్చేది, అయినా మావయ్య చొక్కా కాలరు మీద ఒక నల్లచుక్క దొరికేది. ఆయన దాన్ని వేలితో చూపించేవాడు. ఉప్పుడు బియ్యం ఉడికే వాసన ఊరంతా ఒకటే. మా ఇంట్లో మాత్రం దాని మీద ఇంకో వాసన ఉండేది: స్పిరిట్టు, ఫినాయిలు, మడతపెట్టిన కట్టుగుడ్డలు. క్యాంపు సామాన్లు ఏడాది పొడుగునా మా వెనక గదిలోనే ఉండేవి. ఇనప మంచాలు పన్నెండు, దుప్పట్లు, బకెట్లు, పెద్ద గుండిగలు రెండు. ఆ గదికి అంతకుముందు దేవుడి గది అని పేరు. దేవుళ్ళని వంటింటి గూట్లోకి మార్చారు.

మావయ్య ఆదివారం పొద్దున్న లేచే తీరే వేరు. మిగతా రోజులు టెరిలిన్ ప్యాంటు, బుష్ షర్టు, చేతిలో తోలు సంచీ. ఆదివారం తెల్లలాల్చీ, పంచె. గొంతు కూడా మారేది. సోమవారం నాడు ఒక లారీ ఓనరు భార్య ఇంటికొచ్చి, ధాన్యం సీజనయ్యేదాకా బండి పట్టుకెళ్ళొద్దని మెట్ల మీద కూర్చుని ఏడిస్తే, “అమ్మా, కంపెనీ రూలు. నా చేతిలో ఏముందండి,” అని చెప్పి లోపలికొచ్చి పెసరట్టు తిన్నాడు. ఆ ముందు రోజే ఆమె అత్తగారికి కళ్ళ కట్టు విప్పించి, చేయి పట్టుకుని నడిపించి, ఫొటో తీయించుకున్నాడు. ఈ రెండూ ఒకే మనిషి చేశాడని నేను ఆశ్చర్యపోలేదు. రెండు చోట్లా ఆయనకి కావలసింది ఒకటే, రూలు తనదై ఉండటం.

కళ్ళ క్యాంపు ఏడాదికోసారి, మాఘమాసంలో, ఎండలు ముదరకముందు. ఒక మిల్లు గోడౌను ఖాళీ చేయించి సున్నం వేసేవాళ్ళు. కాకినాడ నుంచి డాక్టరు, ఇద్దరు నర్సులు వచ్చేవాళ్ళు. శుక్లాలు తీశాక రోగులు రెండు కళ్ళకీ కట్టుతో వారం రోజులు కదలకుండా పడుకోవాలి. తల తిప్పకూడదు, దగ్గకూడదు, గట్టి తిండి నమలకూడదు. ఇప్పుడైతే మూడో రోజే ఇంటికి పంపేస్తున్నారు. అప్పుడు ఆ వారం రోజుల తిండీ మా అత్తయ్యే వండేది. పొద్దున్న జావ, మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన అన్నం, పెసరకట్టు, బీరకాయ కూర, సాయంత్రం పాలు. సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు. ఊక పొయ్యి. ఆ పొయ్యికి ఎదురుగా వారం రోజులు కూర్చుని లేచేసరికి ఆమె మొహం ఇటుక రంగుకొచ్చేది. ఆమె పేరు ఏ కరపత్రంలోనూ పడలేదు. భోజన సదుపాయం: శ్రీ కామేశ్వరరావు గారు, అని వేసేవారు.

జాబితా పని నాది. నా చేతిరాత డ్రాయింగు అక్షరాల్లా ఉంటుందని మావయ్యకి నచ్చింది. వరస నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు, ఏ కన్ను. ఆరు గళ్ళు. క్యాంపు ముందు ఆదివారం ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఆ జాబితా నాచేత పైకి చదివించుకునేవాడు. చేతిలో ఎర్ర పెన్సిలు. అప్పుల కోసం ఊరూరా విచారణ చేసి ఉండటం వల్ల ఎవరికెంత పొలముందో, ఎవరింటి గోడ ఎవరి డబ్బుతో లేచిందో ఆయనకి నోటికి తెలుసు. “ఆగు. ఈ వెంకన్నకి మూడెకరాల మాగాణి. ఇటివ్వు, కొట్టేస్తాను. కాకినాడ వెళ్ళి డబ్బిచ్చి చేయించుకుంటాడు.” నేను కాగితం అందిస్తే ఎర్రగీత ఆయనే గీసేవాడు. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు.

మరో నియమం ఉండేది. దాన్ని ఆయన ప్రతి క్యాంపు ప్రారంభంలోనూ మైకులో చెప్పేవాడు. తన ఇంటి మనిషి పేరు ఈ జాబితాలో ఎప్పటికీ ఉండదు. చప్పట్లు పడేవి.

నేనక్కడికి వెళ్ళిన మొదటి ఏడాది వర్షాకాలం, దీపాలు పెట్టే వేళ, వంటింట్లో బియ్యం ఏరుతూ అత్తయ్య నన్ను పిలిచింది.

“ఒరే శేఖరం, ఈ బల్బు చుట్టూ రంగురంగుల చుట్టలు కనిపిస్తున్నాయిరా. నీకూ కనిపిస్తున్నాయా?”

“లేదత్తయ్యా.”

“సరిగ్గా చూసి చెప్పు. నీది కరెంటు చదువే కదా.”

నేను ముక్కాలిపీట ఎక్కి బల్బు విప్పి తుడిచాను. పోలేదంది. కొత్త బల్బు వేశాను. పోలేదంది. మర్నాడు స్నేహితుడి దగ్గర మీటరు అడిగి తెచ్చి ప్లగ్గులో పెట్టి చూశాను. ఉండాల్సిన దానికంటే బాగా తక్కువుంది. సాయంత్రం మిల్లులన్నీ ఒకేసారి నడుస్తాయి కాబట్టి అది సహజమే. “వోల్టేజీ తక్కువ అత్తయ్యా, అందుకే అలా,” అని చెప్పాను. “ఓహో, వోల్టేజీయా,” అని ఆమె మళ్ళీ బియ్యంలో తలవంచుకుంది. డిప్లొమా ఉన్నవాడు చెప్పాడు కదా అని నమ్మింది. మీటరు చూపించింది నిజమే. కానీ అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. మావయ్య మీద ఇంత రాస్తున్న నేను, ఆ వరసలో మొదటి తప్పు నాదని కూడా రాయాలి.

తర్వాత కనుబొమల పైన నొప్పి వచ్చేది. మధ్యాహ్నం పూట చాప మీద పడుకుని, నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెట్టుకునేది. పక్కనుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడేది. వంటింటి గుమ్మానికి కుడి భుజం కొట్టుకునేది. “దొంగ గుమ్మం, రోజూ ఇంచి ముందుకొస్తోంది,” అని తానే నవ్వేది. మావయ్యకి చెబితే పేపరు దించకుండా, “నుసి పడుంటుంది, కడుక్కో,” అన్నాడు. నుసి మా ఊళ్ళో అందరి కళ్ళలోనూ పడేది. అందుకని ఎవరి కన్ను గురించీ ఎవరూ గట్టిగా అనుకునేవారు కాదు.

రెండో ఏడాది నేనే అడిగాను. కాకినాడలో డాక్టరుకి చూపిద్దాం, నేను బస్సులో తీసుకెళ్తాను, అన్నాను. ఆయన తోలు సంచీ సర్దుకుంటూ నావైపు చూశాడు.

“ఊళ్ళో వాళ్ళకి క్యాంపు డాక్టరు, పెళ్ళానికి కాకినాడ డాక్టరా అంటారు. రేపు క్యాంపుకి ఎవడొస్తాడ్రా?”

“పోనీ క్యాంపులోనే చూపిద్దాం మావయ్యా.”

“ఇన్నేళ్ళు మైకులో ఏం చెప్పాను?”

“మరి ఎక్కడ చూపించాలండి?”

“చూద్దాంలే. ఏమంత ముసలిది కాదు. శుక్లమైతే ముదరాలి కూడా.”

ఆ మాట ఆయన క్యాంపు డాక్టరు దగ్గర నేర్చుకున్నాడు. శుక్లం ముదిరేదాకా ఆగాలి, అప్పుడే తీయాలి. అప్పట్లో అది నిజమే. ఆ ఒక్క ముక్కతో ఆయన ఇంటి కన్ను సంగతి తేల్చేశాడు. అత్తయ్య గుమ్మంలోంచి ఇదంతా విని, “వాడికేం పనిలేదండి, మీరు వెళ్ళిరండి,” అంది. నా ఎదుట ఆయన మాట పడకూడదని అలా అంది. ఆయన మాట నిలబెట్టడం కూడా ఆ ఇంట్లో ఆమె పనుల్లో ఒకటి.

మూడో ఏడాది క్యాంపుకి పది రోజుల ముందు అత్తయ్య చింతపండు పిసుకుతూ నాతో అంది. “నా పేరు కూడా రాయరా. ఆ రోజు గుంపులో కలిసి కూర్చుంటాను. ఆయన అటు మైకు దగ్గరుంటారు. డాక్టరుగారు ఓసారి టార్చి వేసి చూస్తే చాలు.” అంతవరకు ఆమె నన్నేదీ అడగలేదు. నేను రాశాను. నలభై మూడో నంబరు. భర్త పేరు గడిలో ఆయన ఇంటిపేరు లేకుండా ఒట్టి రావు అని రాశాను. ఊరు దగ్గర ఆగిపోయాను. అబద్ధం రాయడానికి చేయి రాలేదు. మండపేట అని రాస్తే దొరికిపోతాం. అందుకని ఆమె పుట్టిల్లు పిఠాపురం అని రాశాను. అది అబద్ధం కాదు కదా అని నాకు సంతోషం కూడా కలిగింది. మా చదువు చదివినవాళ్ళు ఇలాంటి చోటే దెబ్బ తింటారు. గడి తప్పు లేకుండా నింపితే పని అయిపోయిందనుకుంటాం.

ఆదివారం పొద్దున్న అరుగు మీద చదవడం మొదలుపెట్టాను. కపిలేశ్వరపురం, అంగర, ద్వారపూడి, చుట్టుపక్కల ఊళ్ళే. నలభై మూడు రాగానే గొంతు తగ్గించి, వేగంగా చదివేశాను.

“ఆగు. పిఠాపురమా?”

“అవునండి.”

“అంత దూరం నుంచి మన క్యాంపుకెందుకొస్తుంది? అక్కడ లేవా క్యాంపులు? పేరేంటన్నావు?”

నేను పేరు మళ్ళీ చదవలేదు. లోపల అట్లకాడ చప్పుడు ఆగింది. అత్తయ్య కొంగుకి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. “నేనేనండి,” అంది. “వాణ్ణేం అనకండి. నేనే రాయమన్నాను. పొద్దున్నే ఒక్కసారి చూపించుకుని వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటాను. వంటకి ఆలస్యం చేయను.”

మావయ్య కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఆయన మీద ఇంత ద్వేషం ఉండేది కాదేమో. కాగితం తీసుకుని, నలభై మూడు మీద నిదానంగా, స్కేలు పెట్టినంత తిన్నగా గీత గీశాడు. ఆ పక్కన, ముందురోజు వెనక్కి పంపిన ఒక ముసలాయన పేరు నాచేత రాయించాడు. తర్వాత నాతో, “లిస్టులో దొంగతనం చేశావురా. ఆఫీసులోనైతే ఉద్యోగం ఊడుతుంది,” అన్నాడు. ఆమెను స్నానానికి నీళ్ళు తోడమన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. వారం తర్వాత క్యాంపు ప్రారంభంలో ఆయన మైకు పట్టుకుని ఈ సంగతంతా చెప్పాడు. పేరుతో సహా, నంబరుతో సహా. “నా ఇల్లాలి పేరు నా చేత్తో కొట్టేశానండి. ఆ చోటు ఒక పేదవాడికి దక్కింది.” చప్పట్లు మిల్లు రేకుల కప్పు కింద వానలా మోగాయి. అత్తయ్య గోడౌను వెనక, పందిరి కింద, పొగలో బీరకాయలు చెక్కు తీస్తోంది. సాయానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ ఆమెవైపు చూశారు. ఆమె కత్తిపీట మీదనుంచి తలెత్తలేదు. “ఆ కాయ చేదేమో కొరికి చూడవే,” అని పక్కామెతో అంది. నేనక్కడే ఉన్నాను. డాక్టరు గోడకి అవతల, ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నాడు. నేను ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్ళలేదు.

నాలుగు నెలలకి విద్యుత్తు శాఖలో ఉద్యోగం వచ్చి అమలాపురం వెళ్ళిపోయాను. మొదటి జీతంతో అత్తయ్యకి చీర కొన్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ పై ఏడాది క్యాంపులో, గ్లాసు పక్కన మజ్జిగ పోస్తున్న ఆమెను డాక్టరుగారే గమనించి, కూర్చోబెట్టి టార్చి వేసి చూశారని ఉత్తరం వచ్చింది. అది శుక్లం కాదు, నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. దీపం చుట్టూ రంగుల చుట్టలు దానికి మొదటి గుర్తట. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలుపుకోవాలి, మూడు నెలలకోసారి చూపించాలి, అన్నారట. మందు వచ్చింది. మూడు నెలలకోసారి చూపించడం మాత్రం మావయ్య ఆదివారాల్లో ఇమడలేదు. ఆయన నల్ల కళ్ళద్దాలు కొనిచ్చాడు. అప్పటినుంచి ఆమెను వేదిక మీదకి కూడా పిలవడం మొదలుపెట్టారు.

సభలో రిటైర్డు హెడ్మాస్టరుగారు మళ్ళీ ఆ కథే చెప్పారు. సొంత భార్య పేరు కొట్టేసిన త్యాగమూర్తి, అన్నారు. ఆయన చెప్పిన కథలో నంబరు కూడా మారింది, యాభై నాలుగు అన్నారు. తర్వాత అంగర నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, సోడాబుడ్డి అద్దాలతో, మైకు ముందు నిలబడి, “ఆ బాబు వల్లే నా మనవడి మొహం చూశానండి,” అని ఏడ్చింది. ఆమె అబద్ధం చెప్పలేదు. అలాంటివాళ్ళు వందల్లో ఉన్నారు. వాళ్ళ జాబితాలు రాసినవాణ్ణి, నేను కాదనలేను. నా కోపం ఎంత పెరిగినా అక్కడికొచ్చి ఆగిపోతుంది, ఆ ముసలమ్మని దాటి ముందుకి పోదు. కానీ వెనక్కీ పోదు.

అత్తయ్యని ఫొటోకి పూలు వేయమన్నారు. ఆమె లేచి గుప్పెడు పూలు కుంది మీద వేసింది. “ఫొటో ఎటుందిరా?” అని మెల్లగా అడిగింది. నేను చేయి పట్టి జరిపాను. అధ్యక్షుడుగారు, “అమ్మగారు కూడా రెండు ముక్కలు చెప్పాలి,” అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. “నాకేం తెలుసండి. నేను వంట దగ్గర ఉండేదాన్ని,” అంది. దానికీ చప్పట్లు కొట్టారు. మావయ్య పేరు మీద వచ్చే క్యాంపుని ఆమె చేత దీపం వెలిగించి ప్రారంభింపజేస్తామని ప్రకటించారు.

ఇంటికొచ్చాక, మర్నాడు అత్తయ్యని కాకినాడ తీసుకెళ్తానని చెప్పాను. మావయ్య అక్కగారు, అంటే మా పెద్దమ్మ, చాప మీదనుంచే లేవకుండా అడ్డం చెప్పింది.

“నెల మాసికమైనా కాకుండా గడప దాటడమేంట్రా? లోకం ఏమంటుంది?”

“ఇందాక సభకి దాటించారు కదా పెద్దమ్మా.”

“సభంటే వాడి గౌరవం. డాక్టరుకేం తొందర? ఇన్నాళ్ళు లేనిది.”

నేనేదో అనబోయాను. అత్తయ్య గోడకి చేరబడి ఉంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “వదినగారూ,” అంది, గొంతేమీ పెంచకుండా. “నెల మాసికం దాకా ఈ కన్ను ఆగుతుందో లేదో మీకు తెలిస్తే చెప్పండి, ఆగుతాను.” అత్తయ్య నావైపు తిరిగింది, కొంచెం తప్పుగా, నాకు కుడిపక్కన ఉన్న స్తంభం వైపు. “మొదటి బస్సెన్నింటికిరా?”

అయిదున్నర బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుంటానంది. ద్వారపూడి దాటాక, బయట ఏం కనిపిస్తోందని అడిగితే, “పచ్చగా ఉంది,” అంది. కోతలైపోయి నెల దాటింది. బయట పొలాలన్నీ ఎండు గడ్డి రంగులో ఉన్నాయి. నేను దిద్దలేదు.

డాక్టరు కొత్తవాడు, నా వయసే ఉంటుంది. మావయ్య పేరు చెప్పలేదు. అతను అడిగినవన్నీ వరసగా చెప్పాను: రంగుల చుట్టలు ఎప్పుడు మొదలయ్యాయి, నొప్పి ఎప్పుడు, గుమ్మం ఎప్పటినుంచి తగులుతోంది. “అన్నీ ఇంత బాగా గుర్తున్నాయి, అప్పుడే తీసుకురావలసింది కదండీ,” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగా అడిగాడు. అవునండి, అన్నాను. గోడ మీది పటంలో అన్నిటికంటే పెద్ద అక్షరం ఆమెకి కనబడలేదు. అతను చేతివేళ్ళు చూపిస్తూ దూరం నుంచి ఒక్కో అడుగూ దగ్గరికొచ్చాడు. ప్రతి అడుగుకీ ఆమె, “లేదండి, ఇంకా లేదండి,” అంటోంది, తనవల్ల ఆలస్యమవుతోందన్నట్టు. కుడి కంటి ముందు టార్చి వేసినా రెప్ప కదల్లేదు. ఎడమ కంటికి, అతను బాగా దగ్గరికొచ్చాక, ఆమె చటుక్కున, “మూడు. మూడు వేళ్ళండి,” అంది.

ఈ చూపు నిలుస్తుందా అని అడిగాను. రోజుకి మూడుసార్లు చుక్కలు, నెలకోసారి చూపు పరీక్ష, అవసరమైతే ఆపరేషను, ఉన్నంతవరకు నిలపడానికి ప్రయత్నిద్దాం, అన్నాడు. అతను రాసిన చీటీ తీసుకుని చదివాను. కుడి కన్ను సున్నా. ఎడమ కన్ను నాలుగు అడుగులు.